మన ఆడపిల్లల చదువు ఎక్కడ ఆగుతుంది? మార్లవాయి బడి నుంచి మా హాస్టల్ రూమ్ దాకా

 

పోస్టు కొంచెం పొడుగ్గా ఉంటది, ఓపికతో చదవండి. మా రూమ్ సంగతితో మొదలుపెడుతున్నాం కానీ ఇది మా ఒక్క రూమ్ సంగతి కాదు.

మా రూములో నాలుగు మంచాలు. నలుగురం డిగ్రీ ఫైనల్ ఇయర్. నలుగురి ఇళ్లల్లోనూ కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి మేమే. దండారికి ఇంటికి పోయిన మా దోస్తు దీపావళి అయి నెల దాటినా తిరిగి రాలేదు. మొదట్లో ఫోన్ చేస్తే "పత్తి ఏరుడు అయినంక వస్తా" అన్నది. తర్వాత "చూస్తా" అన్నది. ఇప్పుడు ఫోన్ వాళ్ల తమ్ముడు ఎత్తుతున్నాడు. ఆమె పెట్టె ఇంకా మంచం కిందనే ఉంది. ఐదో సెమిస్టర్ పరీక్ష ఫీజుకు అసలు తేదీ అయిపోయింది, లేటు ఫీజుతో ఇంకొన్ని రోజులే ఉన్నాయి. మొన్న వార్డెన్ మేడం రిజిస్టర్ పట్టుకొచ్చి ఆమె పేరు ఎదురుగా ఏం రాయాలని మమ్మల్నే అడిగారు. ఇన్ని రోజులు రాకపోతే 'మానేసింది' అని రాయాలంట. మేము "రాయకండి మేడం, వస్తది" అన్నాం. వస్తదో రాదో మాకూ తెల్వదు.

ఆ రాత్రి మేము ముగ్గురం కూర్చొని, మాతో పది పాసైన మా గూడేల అమ్మాయిల్లో ఇప్పుడు డిగ్రీ చదువుతున్నవాళ్లెవరని లెక్కపెట్టాం. రెండు చేతుల వేళ్లు నిండలేదు. ఎందుకు మానేసిందని ఎవరిని అడిగినా జవాబు రెడీగా ఉంటది. పెండ్లి అయింది. ఇంట్లో కష్టం. సబ్జెక్టులు పోయినయ్. ఆమెకే ఇష్టం లేకుండె. ఈ జవాబులు అబద్ధం కాదు. కానీ అన్నీ ఆ పిల్ల దగ్గరే మొదలై ఆ పిల్ల దగ్గరే అయిపోతాయి. మేము హిస్టరీ చదివే పిల్లలం కాబట్టి కొంచెం వెనక్కి పోయి చూద్దామనుకున్నాం. అసలు మన ఆడపిల్లలకు బడి దాకా దారి ఎప్పుడు పడ్డది? ఎంత దూరం పడ్డది? ఎక్కడ ఆగింది?

మార్లవాయి: బడి ఎందుకు పుట్టింది

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడైన సంగతి ఈ గ్రూపులో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ పోరాటం తర్వాతే నిజాం సర్కారుకు అడవిలో ఏదో తప్పు జరుగుతోందని అర్థమైంది. గోండుల పరిస్థితి చూసి చెప్పమని హైమన్‌డార్ఫ్ దొరను పంపారు. ఆయన, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో గుడిసె వేసుకొని మనవాళ్ల మధ్యనే ఉన్నారు.

ఆయన చూసిందేమిటంటే, మన భూములు కత్తితో పోలేదు, కాగితంతో పోయాయి. పట్టా ఎవరి పేరు మీద ఉందో, రసీదులో ఎంత రాశారో, వేలిముద్ర దేని మీద వేశారో చదివే మనిషి గూడెంలో లేడు. చదవడం వచ్చిన షావుకారు, పట్వారీ ఏం చెబితే అదే నిజం. అందుకే భూమి పట్టాలతో పాటు బడి కూడా కావాలని ఆయన పట్టుబట్టాడు. 1943లో మార్లవాయిలో శిక్షణ కేంద్రం మొదలైంది. వయసొచ్చిన కొద్దిమంది గోండు యువకులకు చదువు చెప్పి, వాళ్లనే పంతుళ్లను చేసి గూడేలకు పంపారు. గోండి భాషలో, దేవనాగరి లిపిలో వాచకాలు అచ్చు వేశారు. పిల్లగాడికి తన ఇంటి మాటలోనే మొదటి అక్షరం అందింది. ఎనభై ఏళ్ల కింద జరిగిన ఈ పని ఈ రోజుకీ చాలా చోట్ల జరగట్లేదు. బెట్టీ ఎలిజబెత్ 1987లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో చనిపోయిన ఆయన అస్థికలు కూడా తర్వాత అక్కడికే చేరాయి. మనవాళ్లు ఇప్పటికీ జనవరిలో అక్కడ కూడి వాళ్లను తలుచుకుంటారు. అంత గౌరవం ఉత్తగనే రాలేదు.

కానీ ఒక సంగతి గమనించాలి. ఆ తొలి పంతుళ్లందరూ మగవాళ్లే. ఆ బడిలో చదివితే వచ్చే కొలువులు పంతులు, పట్వారీ, ఫారెస్టు గార్డు, గుమాస్తా. ఆ రోజుల్లో అవన్నీ మగవాళ్ల కొలువులే. పట్టా మగవాడి పేరు మీద, రసీదు మగవాడి చేతికి, కోర్టుకు పోయేది మగవాడు. కాబట్టి కాగితం చదివే అవసరం కూడా మగవాడిదే అనుకున్నారు. ఆడపిల్ల రావద్దని ఎవరూ అనలేదు. ఆమె వస్తే ఏమవుతుందో ఎవరూ ఆలోచించలేదు, అంతే. తప్పు పట్టడానికి ఇది రాయట్లేదు. మొదటి మెట్టు ఎవరి కాలి కొలతకు కట్టారో చెప్పడానికి రాస్తున్నాం.

మా ముగ్గురిలో ఒకరి తాత అట్లాంటి బడిలో రెండో మూడో తరగతి దాకా చదివాడు. రసీదు చదవడం వచ్చు, సంతకం వచ్చు. అమ్మమ్మకు రాదు. ఆమె ఆ వయసులో ఇప్పపువ్వు ఏరింది, మేకలు కాసింది, తమ్ముళ్లను ఎత్తుకుంది. ఇంట్లో ఒకరు బడికి పోవాలంటే ఇంకొకరు ఆ పని అందుకోవాలి కదా. తాత బడికి పోయిన ప్రతి రోజూ ఇంట్లో ఒక ఆడపిల్ల ఆ పని అందుకున్నది. దాన్ని ఎవరూ చదువు ఖర్చు కింద రాయలేదు.

1961 జనగణనలో దేశం మొత్తం మీద ఎస్టీల్లో చదవడం రాయడం వచ్చినవాళ్లు నూటికి ఎనిమిదిన్నర మంది. మగవాళ్లలో 13.83 శాతం, ఆడవాళ్లలో 3.16 శాతం. మా అమ్మమ్మల తరం ఈ లెక్కలో ఉన్నది. వాళ్లను డ్రాపౌట్ అనడానికి కూడా లేదు, బడిలో అడుగే పెట్టలేదు కాబట్టి.

అవ్వల తరం: ఏడు దగ్గర అయిపోయిన బడి

1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చాక మన బడుల్లో తెలుగు వచ్చింది. గోండి వాచకాలు పక్కకు పోయాయి. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష. మొదటి తరగతిలో పిల్ల గమ్మున కూర్చుంటే "మందబుద్ధి" అన్న సార్లున్నారు. ఆ పిల్లకు బుద్ధి లేక కాదు, మాట అర్థంకాక గమ్మున కూర్చున్నది.

ఇక్కడ మాకు తెలియని ఒక విషయం చదివి ఆశ్చర్యపోయాం. ఎస్టీ ఆడపిల్లలకు హాస్టళ్లు కట్టే కేంద్ర పథకం మూడో పంచవర్ష ప్రణాళికలోనే, అంటే 1961, 66 మధ్యలోనే మొదలైంది. మగపిల్లల హాస్టళ్లకు విడిగా పథకం వచ్చింది 1989-90లో. అంటే కాగితం మీద మనమే ముందు. పదో తరగతి తర్వాత చదివేవాళ్లకు ఇచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఇంకా పాతది. 1944లో ఎస్సీలకు మొదలుపెట్టి, 1948లో ఎస్టీలకు కూడా ఇచ్చారు. మరి ఇవన్నీ ఉండగా మా అవ్వలు ఎందుకు చదవలేదు?

ఎందుకంటే పదో తరగతి దాటినవాళ్లకు ఇచ్చే స్కాలర్‌షిప్ ఐదు కూడా దాటని పిల్లకు ఏం ఉపయోగం? మేడ మీద గదులు కట్టి మెట్లు కట్టనట్టు ఉంది. 1970లలో ఉట్నూర్‌లో ఐటీడీఏ వచ్చింది, ఆశ్రమ పాఠశాలలు పెరిగాయి. మగపిల్లల కోసం పెరిగినంత తొందరగా ఆడపిల్లల కోసం పెరగలేదు. ఆ రోజుల్లో మన పెద్దల పోరాటం అంతా భూమి మీద ఉండె. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో తుపాకులు పేలింది కూడా భూమి అడిగినందుకే. భూమి ముందు అడగడం న్యాయమే. భూమి లేకపోతే బడి ఎక్కడ? కానీ ఆ అడగడాల వరుసలో ఆడపిల్ల హాస్టల్ ఎప్పుడూ వెనకనే ఉండిపోయింది.

1991 జనగణన లెక్క చూడండి. మన ఉమ్మడి రాష్ట్రంలో ఎస్టీ మగవాళ్లలో అక్షరాస్యత 25.25 శాతం. ఆడవాళ్లలో 8.68 శాతం. ఇదేదో తాతల కాలం లెక్క కాదు. అప్పటికి మా అవ్వలు బడీడు పిల్లలు.

మాలో ఒకరి అవ్వ ఏడు దాకా చదివింది. ఎందుకు మానేసినవ్ అని ఈసారి సెలవుల్లో అడిగితే ఆమె చెప్పిన మాట ఇది: "నేనెక్కడ మానేసిన బిడ్డా, బడే అయిపోయింది. ఏడు తర్వాత మా దగ్గర బడి లేకుండె. హైస్కూల్ ఉన్న ఊరికి పోవాలంటే వాగు దాటాలె. పెద్దమనిషినైన. బాపు వద్దన్నడు."

ఆమె ఆ మాట చాలా మామూలుగా చెప్పింది. మేము ఇంతకాలం "మా అవ్వ ఏడులో చదువు ఆపేసింది" అని ఫారాల్లో రాస్తూ వచ్చాం. బడే ఆగిపోయిందని రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.

అక్కల తరం: జీవో 3 ఇచ్చిన ధైర్యం

తర్వాతి పదిహేనేళ్లలో దారి కొంచెం కొంచెం పొడుగైంది. 1999లో గిరిజన గురుకులాల కోసం విడిగా సొసైటీ వచ్చింది. 2004లో కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు వచ్చాయి. అవి మొదట 6 నుంచి 8 దాకా ఉండే బడులు. తర్వాత మన దగ్గర పది దాకా, ఆ తర్వాత కొన్ని చోట్ల ఇంటర్ దాకా పెంచారు. బడి ఎంతదాకా పెరిగితే మన పిల్లలు అంతదాకా పోయారు. 2001కి మన రాష్ట్రంలో ఎస్టీ ఆడవాళ్ల అక్షరాస్యత 26 శాతం దాటింది, 2011కి 40 శాతం దాటింది. అంటే ఇరవై ఏళ్లలో ఎనిమిదిన్నర నుంచి నలభై. మన ఆడపిల్లలకు చదువంటే ఇష్టం లేదనేవాళ్లకు ఈ ఒక్క లెక్క చాలు.

బడితో పాటు ఇంకోటి కూడా పనిచేసింది. అది జీవో 3. 2000 జనవరిలో వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని, అందులో మూడో వంతు ఆడవాళ్లకు ఇవ్వాలని దాని సారం. అంతకుముందు 1986లో జీవో 275 అదే ఉద్దేశంతో వచ్చి కోర్టుల్లో నలిగింది. జీవో 3 ఇరవై ఏళ్లు నిలబడింది.

గూడెంలో దీని అర్థం ఏమిటో బయటివాళ్లకు తెల్వదు. మన మాట మాట్లాడే, మన ఇంటిపేరున్న ఒక అక్క చీర కట్టుకొని, చేతిలో రిజిస్టర్ పట్టుకొని బడికి పోతుంటే, చూసిన ప్రతి బాపు తన బిడ్డను చూసుకున్నాడు. "చదివితే ఏమొస్తది" అనే ప్రశ్నకు ఆమె నడిచే జవాబు. పట్నం పోవాల్సిన పని లేదు, ఎవరి కాళ్లు పట్టుకోవాల్సిన పని లేదు, ఇంటర్ అయి టీటీసీ చేస్తే మన ఊరి పక్క బడిలోనే జీతం. ఆ నమ్మకం మీద ఎన్నో పెండ్లిళ్లు రెండు మూడేళ్లు వెనక్కి జరిగాయి.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం జీవో 3ని కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగం ప్రకారం చెల్లదని చెప్పింది. అప్పటికే కొలువుల్లో ఉన్నవాళ్లను మాత్రం తీసేయలేదు. అప్పుడు లాక్‌డౌన్. హాస్టళ్లు మూసేశారు, మేము పదో తరగతిలో ఉండి ఇళ్లకు వచ్చేశాం. ఆ సంవత్సరం పరీక్షలు పూర్తి కాకుండానే అందరినీ పాస్ చేశారు. తీర్పు గురించి మాకు అప్పుడేం అర్థం కాలేదు. అర్థమైంది తర్వాత, ఇంట్లో మాటలు మారినప్పుడు. "ఇంక మనవాళ్లకు టీచర్ నౌకరీలు లేవంట. డిగ్రీ చదివి ఏం చేస్తది?" ఈ మాట మా ముగ్గురి ఇళ్లల్లోనూ వినపడింది, మూడు వేరే వేరే గూడేల్లో. ఢిల్లీలో ఒక జీవో పోతే ఆదిలాబాద్ అడవిలో ఒక పిల్ల చదువు మీద దెబ్బ ఎట్ల పడుతుందో మేము పుస్తకంలో చదవలేదు, ఇంట్లో చూశాం.

మా తరం: గేటు తెరిచే ఉంది

ఇప్పుడు మా సంగతి. లెక్కల్లో చూస్తే మా తరం చాలా ముందుకొచ్చింది. దేశంలో ఉన్నత చదువుల్లో ఉన్న ఎస్టీ అమ్మాయిలు 2014-15లో 7.47 లక్షలు. 2021-22కి 13.46 లక్షలు. మన తెలంగాణలో 2017లో గిరిజన గురుకుల డిగ్రీ కాలేజీలు వచ్చాయి, వాటిలో ఎక్కువ భాగం అమ్మాయిలవే. ఇవన్నీ నిజంగా సంతోషించాల్సిన సంగతులు. దేశానికి రాష్ట్రపతి అయిన ద్రౌపది ముర్ము గారు తన ఊరి నుంచి కాలేజీకి పోయిన మొదటి ఆడపిల్లను నేనే అని చెప్పుకున్నారు. మా గూడేల్లో మేమూ అట్లాంటి మొదటివాళ్లమే. ఆమె మాట విన్నప్పుడు మాకు గర్వంతో పాటు కొంచెం భయం కూడా వేసింది. మొదటి పిల్ల మధ్యలో తిరిగొస్తే రెండో పిల్లను పంపరు.

చేరినవాళ్ల లెక్క పెద్దగా రాస్తారు. మధ్యలో మంచం ఖాళీ చేసిన పిల్ల ఆ పెద్ద అంకెలో కనపడదు. ఆమె ఎట్లా ఖాళీ చేస్తుందో మేము చూసింది చూసినట్టు చెప్తాం.

ఒకటి, పైసలు. 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది, అది లేకపోతే మేము ఈ పోస్టు రాసేవాళ్లమే కాదు. కానీ సర్కారు నుంచి పైసలు లేటయితే కాలేజీవాళ్లు పిల్లను అడుగుతారు. ముందు మీరు కట్టండి, వచ్చినాక ఇస్తాం అంటారు. కట్టకపోతే మెమో ఇవ్వరు, టీసీ ఇవ్వరు. ఇంట్లో అన్న, చెల్లె ఇద్దరూ చదువుతుంటే, అప్పు ఒక్కరికే దొరికితే, ఎవరిని ఇంటికి పిలుస్తారో మీ అందరికీ తెలుసు. చాలాసార్లు చదువు ఆగేది లక్ష రూపాయల దగ్గర కాదు. పరీక్ష ఫీజు, బస్సు ఖర్చు, రికార్డు బుక్కు దగ్గర ఆగుతుంది. ఆడవాళ్లకు బస్సు ఉచితం అయింది, మంచిదే. కానీ మా దోస్తు గూడేనికి బస్సే పోదు.

రెండు, పత్తి. మా తాతల చేన్లల్లో జొన్న ఎక్కువ ఉండేది. ఇప్పుడు ఎటు చూసినా పత్తి. పత్తి ఏరేది ఎక్కువగా ఆడవాళ్లే. ఏరుడు జోరుగా ఉండే నెలలూ మా సెమిస్టర్ పరీక్షల నెలలూ ఒకటే. దండారికి ఇంటికి పోయిన పిల్లను "పదిహేను రోజులు ఉండి పో" అంటారు. కూలికి మనిషి దొరకదు, దొరికినా కిలోకు ఇంత అని ఇవ్వాలి, ఇంటి పిల్ల ఉంటే ఆ పైసలు మిగులుతాయి. పదిహేను రోజులు నెలవుతుంది. హాజరు 75 శాతం కిందికి పోతుంది. దానికి మళ్లీ ఫైన్. అమ్మమ్మ ఇప్పపువ్వు ఏరి తాతను బడికి పంపింది. మనుమరాలు పత్తి ఏరి తమ్ముణ్ణి పాలిటెక్నిక్‌కు పంపుతున్నది. పంట మారింది.

మూడు, భాష. గోండి నుంచి తెలుగుకు వచ్చేసరికి ఐదేళ్లు పట్టింది. తెలుగులో నిలదొక్కుకున్నాం అనుకునేసరికి డిగ్రీ ఇంగ్లీషు మీడియం. మొదటి సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు పోతే "నాకు చదువు రాదు" అనుకుంటాం. పోయింది చదువు కాదు, భాష. ఇది చెప్పే సీనియర్ అక్క మా ముందు ఎవరూ లేరు.

నాలుగు, ఒంటి సంగతి. మన ఆదివాసుల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. 2023 నుంచి దాని మీద దేశవ్యాప్తంగా మిషన్ కూడా నడుస్తోంది. చలికాలంలో కీళ్లు నొప్పులొచ్చి పది రోజులు లేవలేని పిల్లను క్లాసులో "బద్ధకం" అంటారు. రక్తం తక్కువ ఉన్నవాళ్లయితే హాస్టల్‌లో సగం మంది ఉంటారేమో అనిపిస్తది. టెస్టు చేయించుకొని కార్డు తెచ్చుకుంటే కనీసం హాజరు విషయంలో అడగడానికి ఒక ఆధారం ఉంటది. మనలో చాలామంది సిగ్గుపడి చెప్పరు.

ఐదు, మాట. "పట్నంల ఉండి ఏం చేస్తున్నదో." ఈ ఒక్క మాట మిగతా నాలుగింటి కంటే బలమైనది. మన గోండు సమాజంలో ఆడపిల్ల భారం అనే మాట పాతది కాదు. మన దగ్గర కట్నం లేదు, ఓలి ఉండేది. పిల్లను తీసుకుపోయేవాడే ఇచ్చేవాడు. ఇప్పుడు చదివిన పిల్లకు చదివిన పిలగాణ్ణి చూడాలంటున్నారు, ఆ చదివిన పిలగాడు కట్నం మాట ఎత్తుతున్నాడు. అందుకని పిల్ల ఎక్కువ చదవకముందే చేసేద్దాం అంటున్నారు. ఇది మన పెద్దలు ఇచ్చిన ఆచారం కాదు. మనం బయటినుంచి మొన్న మొన్న తెచ్చుకున్నది.

ఇంత చూశాక మాకేం అర్థమైంది

అమ్మమ్మ గడప దగ్గర ఆగింది. అవ్వ ఏడులో ఆగింది. అక్క పదిలోనో ఇంటర్‌లోనో ఆగింది. మా దోస్తు డిగ్రీ ఫైనల్ ఇయర్‌లో ఆగింది. ఎక్కడిదాకా బడి, హాస్టల్, దాని చివర ఒక కొలువు ఉన్నాయో అక్కడిదాకా మన ఆడపిల్ల నడిచింది. ఏ తరంలోనూ ముందే ఆగలేదు. కాబట్టి "పిల్ల ఎందుకు ఆగింది" అని అడిగే ముందు "దారి ఎక్కడ ఆగింది" అని అడగాలి. ఇప్పుడు ఆ దారి డిగ్రీకీ కొలువుకీ మధ్యలో తెగి ఉంది.

దాంట్లో సర్కారు వేయాల్సిన దారి ఉంది. స్కాలర్‌షిప్ టైముకు రావాలి. జీవో 3 పోయిన చోట చట్టానికి నిలబడే ఇంకో ఏర్పాటు కావాలి. ఏజెన్సీ బడుల్లో మన భాష వచ్చిన టీచరమ్మలు కావాలి. నాగోబా దర్బార్‌లో మనం రోడ్డు అడుగుతాం, నీళ్లు అడుగుతాం, పట్టా అడుగుతాం. ఈసారి అమ్మాయిల డిగ్రీ హాస్టళ్ల గురించి కూడా ఒక కాగితం పెడదాం. రాయడానికి మేము రెడీ. సంతకాలు మీరు పెట్టాలి.

మనం వేయాల్సిన దారి కూడా ఉంది. అన్నలూ, కోపం తెచ్చుకోకండి. ఈ గ్రూపులో జల్ జంగల్ జమీన్ అని పోస్టు పెట్టే అన్నలు చాలామంది ఉన్నారు. మీ ఇంట్లో చెల్లెను పత్తి ఏరడానికి ఆపినప్పుడు మీరేం అన్నారు? చెల్లె బదులు పదిరోజులు మీరు చేనుకు పోయారా? బాపు మా మాట వినడు, మీ మాట వింటాడు. ఆ ఒక్క మాట మీరు అంటే చాలాసార్లు సరిపోతది.

ఒకవేళ పిల్ల ఇప్పటికే ఇంటి దగ్గర ఉంటే చదువు అయిపోయిందని అనుకోవద్దు. పోయిన సబ్జెక్టులు మళ్లీ రాసుకోవచ్చు. ఏడాది పోతే రీఅడ్మిషన్ అడగొచ్చు. అదీ కాకపోతే అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉంది. 1982లో మన హైదరాబాద్‌లో పెట్టారు, దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే. పెండ్లయినా, చేతిలో బిడ్డ ఉన్నా చదువుకోవచ్చు. సర్టిఫికెట్లు మాత్రం భద్రంగా ఉంచమని చెప్పండి.

చివరగా మా దోస్తు సంగతి. మేము ముగ్గురం తలా ఇంత వేసుకొని ఆమె పరీక్ష ఫీజు లేటు ఫీజుతో సహా జమచేశాం. కట్టడానికి ఆమె సంతకం కావాలి. ఈ ఆదివారం ఫారం పట్టుకొని వాళ్ల గూడెం పోతున్నాం. ఉట్నూర్ దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో, చివర కొంచెం నడక. వాళ్ల బాపుతో ఏం మాట్లాడాలో మూడు రోజులుగా అనుకుంటున్నాం. ఆయన చెడ్డ మనిషి కాదు. ఫస్టియర్‌లో ఆమె పెట్టె నెత్తిన పెట్టుకొని హాస్టల్ దాకా తెచ్చింది ఆయనే. ఆ రోజు గేటు దగ్గర నిలబడి మా నలుగురికీ చేతిలో తలా ఇరవై రూపాయలు పెట్టి "మంచిగ చదువుకోండ్రి బిడ్డా" అన్నాడు. ఆ మాటే గుర్తుచేద్దామనుకుంటున్నాం.

ఆమె వస్తే మంచిది. రాకపోయినా సంతకమైనా తీసుకొస్తాం, పరీక్ష రోజు చూద్దాం. రిజిస్టర్‌లో ఆమె పేరు ఎదురుగా మేడం ఇంకా ఏం రాయలేదు.

మీ గూడెంలో ఇట్లా మధ్యలో ఇంటికొచ్చిన చెల్లె ఉంటే ఈ వారంలో ఒక్కసారి వాళ్లింటికి పోయి రండి. పోయి ఏం మాట్లాడారో మాకూ చెప్పండి.

జై సేవా. జై ఆదివాసీ.

ఇట్లు,
హాస్టల్ చెల్లెళ్లు